ఆగిపోయిన లైఫులు

చెల్లికి,

కోపం తగ్గి రాస్తున్నాననుకోకు. ఫోన్‌లో మనమాడే ముత్యాల ఆటలో నాలుగు రోజులుగా నా నుంచి నీకు లైఫ్ రాలేదు కదా, కారణం చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోన్‌లో తేదీ ముందుకు జరిపితే అయిపోయిన లైఫులు వెంటనే నిండి మళ్లీ ఆడుకోవచ్చని మా టైలరింగ్ షాపులో ఒకావిడ చెప్పింది. ఆశకు పోయి ఏకంగా నెల జరిపాను. నెట్ ఆగిపోయింది. "తేదీ తప్పుంటే నెట్ ఎలా వస్తుందమ్మా?" అంటూ రిపేరతను సరిచేశాడు. ఆట మాత్రం నేను జరిపిన తేదీ నిజంగా వచ్చేదాకా, అంటే నెలదాకా తెరుచుకోదట.

మూడేళ్లుగా మాటల్లేకపోయినా, పొద్దున్నే నీ లైఫ్ వస్తే నువ్వు లేచావనుకుని పనిలో పడేదాన్ని. నువ్వూ అలాగే చూస్తుంటావేమోనని రాశాను. నాకేం కాలేదు.

అమ్మ కుట్టుమిషన్ మాత్రం ఇవ్వను.

ఈ నెలంతా పొద్దున్నే ఒక మిస్డ్ కాల్ ఇవ్వు. ఎత్తనులే.

అక్క