ఆస్లాక్ పేజీ

టోర్విక్ రైల్వే డైరెక్టర్ హాల్వర్ గారికి,

మీ కంపెనీ యాభయ్యేళ్ల చరిత్ర రాయమన్నారు, రాశాను. ప్రమాదం పేజీ తీసేయమంటున్నారు. తీయను.

రెండు స్టేషన్ల మధ్య ఒకటే లైను, దానికి ఒకటే కర్ర. ఎదురుగా ఇంకో బండి రాకుండా, అది చేతికందితేనే డ్రైవర్ బండి కదపాలి. ఆ రోజు ఆలస్యమవుతోందని మీ ఆఫీసే "కర్ర లేకుండా పంపెయ్" అని ఫోన్ చేసింది. ఆ ఫోన్ వచ్చిందని స్టేషన్ మాస్టరే నాతో ఒప్పుకున్నాడు. అలా పంపిన బండికి ఎదురుగా ఇంకో బండి వచ్చింది. కర్ర లేకుండా వెళ్లిన డ్రైవర్ ఆస్లాక్ చనిపోయాడు. తప్పు అతని మీదే వేశారు.

"మా ఆయన్ని పొగడొద్దు బాబూ. పంపిందెవరో రాయి, చాలు" అంది అతని భార్య గున్వోర్.

ఆదివారం చర్చి బయట ఆ పేజీ డ్రైవర్లకు చదివాను. "ఇక డైరెక్టర్ గారే వచ్చి బతిమాలినా కర్ర లేందే కదలం" అన్నారు.

పుస్తకం వేయకపోతే మానండి. ఆ పేజీ ఇప్పుడు మీ ప్రతి ఇంజన్‌లోనూ అతికించి ఉంది.

ఇట్లు,
మీ చరిత్ర రాసిన విలేకరి