మీటరు పుస్తకంలో నాలుగో మనిషి

ఫిబ్రవరి 3, మంగళవారం

హైదరాబాదు నుంచి మనవరాలు సాహితి వచ్చింది. షెడ్డులో మా ఆయన అంబాసిడర్ కారు మీద కప్పిన పట్టా తీసి ఒకటే ఫొటోలు. పాత కార్లవాళ్ల క్లబ్బట, ఆన్‌లైన్‌లో రాసుకుంటారట. నా మీటరు పుస్తకం కూడా కావాలంటుంది. తేదీ, మీటరు అంకె, ఎక్కినవాళ్లు, పని — కారు కొన్ననాటి నుంచి ఆయన పోయేదాకా ఒక్క ప్రయాణం విడవలేదు.

"గిసొంటి పుస్తకం ఎవ్వరి దగ్గర లేదు అమ్మమ్మా."

"ఎవరెవరు చూస్తరు?"

"మెంబర్లే. నలభై మంది."

ఇచ్చాను. పొగడ్తకు లొంగి ఇచ్చాను. అదీ రాసుకోవాలి కదా.

ఫిబ్రవరి 8, ఆదివారం

సాహితి ఫోన్. క్లబ్బులో ఓటు పెట్టారట, రాతలన్నీ లోకానికి తెరవాలా వద్దా అని. తెరవాలన్నవాళ్లే గెలిచారు. మా పిల్లా తెరవమనే ఓటేసింది.

"మస్తు పేరొచ్చింది నీకు!"

ఎవరడిగారు పేరు?

ఫిబ్రవరి 9, సోమవారం

లింకు తెరిచాను. నా చేతిరాత. మూడో ఫొటో దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"భీమ్‌గల్ నుంచి నిజామాబాద్ దవాఖాన. పోయేటప్పుడు: ఆయన, నేను, రాజవ్వ. వచ్చేటప్పుడు నలుగురం. పని: రాజవ్వకు పిల్లవాణ్ణి ఇప్పించుట."

పక్కింటి రాజవ్వ. పిల్లలు లేరని అత్త చేత మాటలు పడిన రాజవ్వ. అయిదు నెలలు భీమ్‌గల్‌లో తల్లిగారింట్లో ఉండి, కన్నానని చెప్పి కొడుకు నరేష్‌తో ఇక్కడికి, ఆర్మూర్‌కు వచ్చింది. వాడికీ అదే తెలుసు.

ఆనాడే ఆయనన్నాడు — "గిది రాయకు."

నేనేమన్నాను? ఎక్కిన మనిషిని ఎక్కలేదని ఎట్ల రాయాలె?

కన్నతల్లి పేరు ఒక్కటే రాయలేదు. అది ఇప్పుడు నాకూ రాజవ్వకూ మాత్రమే తెలుసు.

ఫిబ్రవరి 10, మంగళవారం

సాహితికి ఫోన్ చేసి చెప్పాను. ఏడ్చి, ఫొటో తీసేసింది. అప్పటికే ఎవరెవరో దాచుకున్నారు. క్లబ్బు నడిపే పెద్దమనిషి సందేశం — చరిత్రను చెరపకూడదమ్మా.

చరిత్రట. ఆ పెద్దమనిషి ఇంటి చరిత్ర ఒక్క పేజీ పెట్టమను.

ఫిబ్రవరి 11, బుధవారం

వేరేవాళ్లు చెప్పేలోపు నేనే పోయి రాజవ్వకు చెప్పాను. బీడీల చాట పక్కకు నెట్టింది.

"సదువు రాని నేను గిన్నేండ్లు దాసిన. సదువుకున్న నువ్వు దాయలేకపోతివి అక్కా."

లేచి చెప్పులు వేసుకున్నాను.

గుమ్మం దాటుతుంటే — "కన్నదాని పేరన్న నీ కడుపుల పెట్టుకో."

పెట్టుకుంటానన్నాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

రాజవ్వ కిటికీ మూసే ఉంది. పొలాల నుంచి వచ్చే పసుపు ఉడికే వాసనను రోజూ ఆ కిటికీ దగ్గరే ఇద్దరం కలిసి తిట్టేవాళ్లం.

ఫిబ్రవరి 14, శనివారం

నరేష్ వచ్చాడు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చి నెలయింది. అక్కడి దోస్తు ఎవడో ఆ పేజీ ఫొటో పంపాడట. ఫోను నా ముందు పెట్టాడు.

"పెద్దమ్మా, గీ రాత నీదేనా?"

వాడికి అక్షరాలు దిద్దించింది నేను. నా రాత వాడెరగడా!

"నాదే."

"అమ్మ ఏడుస్తున్నది, చెప్తలేదు. ఎవరు కన్నరు నన్ను?"

"నిన్ను పెంచింది రాజవ్వ."

"గది నాకు ఎరుకే. అడిగింది చెప్పు."

ఫోను వాడి వైపే జరిపాను.

"ఎవరో తెల్వనోళ్లకు తెరిచిన పుస్తకం... నాకే మూస్తవా?"

లేచి షెడ్డులోకి పోయాడు. అంబాసిడర్ వెనక సీటులో, ఎడమ వైపు కూచున్నాడు. ఆనాడు రాజవ్వ వాణ్ణి ఒడిలో పెట్టుకున్న చోటే. ఎవరూ చెప్పలేదు వాడికి.

అడిగింది చెప్పేదాకా దిగనన్నాడు. రెండు గంటలయింది. చాయ్ తీసుకుపోయి ఇస్తే తాగలేదు.

ఆయన పోయాక మొదటిసారి మీటరు పుస్తకం తెరిచాను. తేదీ వేశాను. మీటరు — పాత అంకే.

ఎక్కినవాళ్లు: నరేష్.

పని: