ఇరవై ఒక్క రోజుల తడి

హైదరాబాద్, 2 ఏప్రిల్ 2004

ప్రియమైన తమ్ముడు యేసుబాబుకు,

మా ల్యాబు నుంచి బూడిదా సున్నమూ కలిపిన బస్తాలు పంపాను, అచ్చులు కూడా. పల్లెల కోసం నేను చేసిన ఇటుక ఇది. బట్టీ అక్కర్లేదు, కట్టెలు కాల్చే పనే లేదు, తడితోనే గట్టిపడుతుంది! నువ్వు మేస్త్రీవి, పోసి చూడు. ఇరవై ఒక్క రోజులు రెండు పూటలా నీళ్లు కొట్టి నాలుగు ఇటుకలు పంపు. ఇక్కడ మిషన్‌లో నొక్కి చూస్తాం. నిలిస్తే నా ఉద్యోగం పర్మనెంట్, లేకుంటే జూన్‌తో సరి. ఒక్కచోట కూర్చోబుద్ధి కావడం లేదురా.

నీ అక్క అర్చన

గట్టు, 12 ఏప్రిల్

ప్రేమగల అక్కకు వందనాలు,

ఇటుకలు పోసినం. ఎంత నున్నగ వచ్చినయో! రుక్కమ్మత్త చూసి "గివి కాల్చకుంటే ఆగుతయారా?" అన్నది. "మా అక్క చదువంటే ఏమనుకున్నవ్?" అన్న. రెండు పూటల నీళ్లు కొడుతున్నం, పరేషాన్ గాకు. అమ్మకు జర మోకాలు నొప్పి, గంతే.

నీ తమ్ముడు

హైదరాబాద్, 9 మే

తమ్మీ,

నాలుగు ఇటుకలూ మిషన్ కింద బిస్కెట్లలా విరిగాయి. ఇక్కడ పోసినవి మూడింతల బరువుకు ఆగాయి. తప్పు బూడిదలోనా, సున్నంలోనా? నాలుగు రోజులుగా మళ్లీ మళ్లీ కలిపి చూస్తున్నా, తిండి సహించడం లేదు. నిజం చెప్పు, ఒక్క పూటైనా నీళ్లు తప్పాయా? తప్పలేదంటే, ఈ ఫార్ములా పనికిరాదని పదిహేడున రాసి సంతకం పెట్టేస్తాను. ఆరేళ్ల పని పోయినట్టే.

అర్చన

గట్టు, 12 మే

అక్కా, సంతకం పెట్టకు!

నీకు అబద్ధం రాసిన. ఐదు దినాలే కొట్టినం. బోరు ఎండింది, ట్యాంకరు నాలుగు దినాలకొకసారి వస్తది. అమ్మ పొలం బాయి కాడికెళ్లి బిందెలు మోసింది, నా బిడ్డ నౌకరీ అనుకుంట. ఆరో దినం ఒడ్డు మీద జారి పడ్డది. మోకాలి చిప్ప పగిలింది. గద్వాల దవాఖానల పట్టీ ఏసిన్రు. నేనే నీళ్లు బంద్ చేసిన. చెప్తే పని ఇడిసి ఉరికొస్తవని చెప్పలే. తప్పు నాది, ఇటుకలది గాదు. గట్లనే రాయి.

యేసుబాబు

హైదరాబాద్, 18 మే

ప్రియమైన తమ్ముడికి,

అమ్మ పడ్డ సంగతి నెల రోజులు దాస్తావా? ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని.

కానీ రిపోర్టులో తప్పు నీదని రాయలేదు. ఎండాకాలంలో మన గట్టు ఊరికి ఇరవై ఒక్క రోజుల నీళ్లు రాసిచ్చింది నేను. పదో తరగతి దాకా ఆ బాయి నుంచే బిందె మోసినదాన్ని, ఇక్కడ కుళాయి తిప్పడం అలవాటై మరిచిపోయాను. సిగ్గుగా ఉందిరా. ‘నీళ్లు కరువైన చోట ఈ ఇటుక పనికిరాదు’ అని రాశాను. "మీ తమ్ముడి పొరపాటని రాస్తే పోయేది కదమ్మా" అన్నారు డైరెక్టరు గారు. పర్మనెంట్ వేరొకరికి ఇచ్చారు.

శనివారం బస్సుకు వస్తున్నాను. తాగడానికీ వంటకూ పోను రోజుకు ఎన్ని నీళ్లు మిగులుతాయో అమ్మనడిగి పెట్టు. ఒక్క చెంబే అంటుందేమో. సరే, ఆ చెంబు నీళ్లకు గట్టిపడే ఇటుకే ఇక చేస్తాను.

మీ అర్చన