అవతలి ఊరి కట్ట

జులై 1, మంగళవారం

పదకొండో తేదీ లాస్ట్ ఛాన్స్ అంది కోర్టు. మా లంకలో సమాధుల స్థలం మాదేనని ఆ రోజుకి కాగితం చూపించకపోతే, పక్క రొయ్యల చెరువు ఆసామి పొక్లెయిన్ దించేస్తాడు. అది తన పట్టా భూమి అంటాడు. మా తరఫున కేసు నడిపేది శ్యామ్ బాబు మాస్టారు. ఆయన దగ్గరున్న సాక్ష్యమల్లా నలభై సమాధుల ఫోటోలు.

నాన్నమ్మ కాంతమ్మకి ఎనభై నాలుగు. తాత పక్కన చోటు తనదని ఊరందరికీ చెప్పి పెట్టుకుంది. పొద్దున్న నేను బయలుదేరుతుంటే, తాతని కూడా తవ్వేస్తారా అని అడిగింది. నేను కలెక్టరేట్ రికార్డు రూములో జూనియర్ అసిస్టెంటుని. మా సొంత కాగితం తేలేకపోతే ఈ ఉద్యోగం ఎందుకు?

జులై 3, మధ్యాహ్నం 3.10

రికార్డు రూములో మా ఊరి కాగితాల కట్ట మొత్తం వెతికాను. మా లంక లేదు. ఒక్క సర్వే నంబరు కూడా లేదు. మాస్టారి నకలు దరఖాస్తు మీద ‘రికార్డు లభ్యం కాలేదు’ అని రాయాల్సింది నేనే. రాయలేదు. సొరుగులో పడేశాను. తప్పే.

జులై 6, ఆదివారం

చెప్పులు కూడా విప్పకుండా రాస్తున్నాను.

చర్చి నుంచి వస్తూ నాన్నమ్మ పాత కబుర్లు మొదలుపెట్టింది. నేను ఊఁ కొడుతున్నాను. పెళ్లయిన కొత్తలో ముక్తేశ్వరంలో పుట్టింటికి వెళ్లాలంటే పడవెక్కేదట. పడవెందుకు, ఆటోలో పది నిమిషాలే కదా అన్నాను. నా తెలివికి నవ్వింది.

“ఇటేపు దారెక్కడిదే? ఏరంతా ఇటే ఉండేది. సంతకెళ్లినా, మునసబు దగ్గరికెళ్లినా అటేపు ఊరికే నడిచెళ్లిపోయేవోళ్లం. ఆనక పెద్ద వరదొచ్చి ఏరు అటు తిరిగింది.”

ఏరు పక్క మారింది! దాంతో మా లంక ఇవతలి ఊళ్లో కలిసింది. పాత కాగితాలు అవతలి ఊరి కట్టలోనే ఉండిపోయి ఉంటాయి. లంకవాళ్లమై ఉండి నేనూ, మాస్టారూ ఇన్నాళ్లూ ఇటే వెతికాం. సిగ్గుచేటు. రేపటిదాకా ఎలా ఆగడం?

జులై 7

సూపరింటెండెంట్ సూర్యప్రకాశరావు గారు బ్యాగు కింద పెట్టకముందే అంతా చెప్పేశాను, సొరుగు సంగతితో సహా. దరఖాస్తు తొక్కిపెట్టినందుకు మెమో ఇస్తానన్నారు. సరేనండి అని ర్యాకు వైపు పరిగెత్తాను. ఆపేశారు.

“మీరు ముట్టుకోకండి జాస్మిన్ గారూ. మీ ఊరి కాగితం మీ చేత్తో తీస్తే రేపు వాళ్ల లాయరు అదే పట్టుకుంటాడు.”

ఎనిమిది నెలల్లో రిటైరయ్యే మనిషి. తనే స్టూలెక్కి అవతలి ఊరి కట్ట దించారు. ఏడు తుమ్ములు తుమ్మారు, లెక్కపెట్టాను. అందులో డైగ్లాట్ ఉంది. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసిన పాత భూముల రిజిస్టరు. వేలితో ఒక్కో వరసా దిగుతూ మా లంక దగ్గర ఆగారు. నంబరు చదివారు. ఎనభై తొమ్మిది సెంట్లు అన్నారు. చివరి గడి మాత్రం చదవలేదు. పుస్తకం నా వైపు తిప్పి కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

‘మాల శ్మశానం.’

మా ఇంట్లో ఎవరూ పలకని మాట. స్కూల్లో ఎవరో అంటే నేను ఏడుస్తూ ఇంటికొచ్చిన మాట. ఒక్క క్షణం చురుక్కుమంది. తర్వాత ఎగిరి గంతేశాను. నిజంగానే, ఆఫీసులోనే.

సాయంత్రానికి ఆయనే సీలు వేసి మాస్టారికి నకలు ఇచ్చారు. నాకు మెమో ఇచ్చారు. అంత సంతోషంగా మెమో తీసుకున్నవాళ్లు ఈ జిల్లాలో ఉండరు.

జులై 11, మధ్యాహ్నం 12.40, కోర్టు మెట్ల మీద

ఇంజంక్షన్ వచ్చింది! కేసు తేలేదాకా అక్కడ పలుగు కూడా దించకూడదు. మాస్టారు ఏడ్చేశారు. ఇలాంటి రికార్డు దొరికాక ఇక కేసు మనదేనని మా లాయరు అంటున్నారు.

ఇది మాత్రం మర్చిపోకుండా రాయాలి. నకలు చదువుతూ లాయరు ఆ చివరి గడి దగ్గర గొంతు తగ్గించారు. వెనక బెంచీలో నాన్నమ్మ కర్ర పట్టుకుని లేచింది.

“గట్టిగా చదవండి బాబూ. అది మా పేరేనండి.”

జడ్జి గారు ఆవిణ్ణి కూర్చోమన్నారు. లాయరు మళ్లీ చదివారు, గట్టిగా.

జులై 13, ఆదివారం

ప్రార్థన అయ్యాక నాన్నమ్మ తాత పక్కన చాప వేయించుకుని, పడుకుని చూసుకుంది. సరిపోయిందట.