పులి దారిలో కట్టిన దారం

అచ్చంపేట,
ఫసలీ 1356, మాఘ బహుళ షష్ఠి, మంగళవారం.

పొద్దున్నే మంచు. గాలి లేదు. ఫొటోల గాజు ప్లేట్ల డబ్బాలు తుడిచి ఎండ వచ్చే చోట పెట్టాను. రోజూ పని పుస్తకంలో రాసే అలవాటు ఉత్తరంలోకి కూడా వచ్చింది, నవ్వకు.

సౌభాగ్యవతి ఆండాళుకు దీవెనలు. అమ్మ పాదాలకు దండాలు. నా ఒంట్లో బాగానే ఉంది. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందనీ, పిల్ల గోడ పట్టుకోకుండా నాలుగు అడుగులు వేసిందనీ నువ్వు రాసింది రెండుసార్లు చదువుకున్నాను. అమ్మ అడిగిన వాటికి వరుసగా జవాబు రాస్తున్నాను, చదివి వినిపించు.

"ఫొటో దించితే పులికి కోపం రాదా, మెరుపు జూసి మీద పడదా" అని అడిగిందట. మేము దాని ఎదుట ఉండం. పులి నడిచే దారికి అడ్డంగా, మోకాలి కంటే కొంచెం పైన, నల్ల దారం కట్టి చీకటి పడకముందే బంగళాకు వచ్చేస్తాం. పులి దారాన్ని తోసుకొని నడుస్తుంది. దారం తెగేలోగా కెమెరా కన్ను తెరుచుకుంటుంది, రేకు పళ్ళెంలో పోసిన మెరుపు మందు భగ్గుమంటుంది. మర్నాడు పొద్దున పోయి ప్లేటు తెచ్చుకుంటాం. ఈ ఫొటోల పని పెట్టిన మా సాహెబు తుపాకి పట్టడు. "చంపితే తోలు వస్తది సిద్దయ్యా, నడక రాదు" అంటాడు. ఈ అడవికి వచ్చిన మూడు నెలల్లో పెద్దపులివి మూడు పడ్డాయి, చిరుతది ఒకటి. మిగతావన్నీ ఎలుగుబంట్లే. పెద్దపులి మొహం మాత్రం ప్రతిసారీ సగమే పడుతోంది. అందుకే ఆయన హైదరాబాదు పోకుండా, జ్వరంతోనే ఇక్కడ పడి ఉన్నాడు.

దారం ఎవరిదని అడిగింది. మనదే. బజారు దారం గాలికే తెగేది, లేదా తెగకుండా కెమెరాను పడగొట్టేది. నేను మన నూలు రెండు పోగులు కలిపి పురిపెట్టి, గంజి పెట్టకుండా నల్లరంగు అద్ది ఇచ్చాను. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయిన రోజుల్లో ఆయన నాకు పని ఇచ్చింది ఆ దారం చూసే. నాయిన ఉంటే నవ్వేవాడు. పోగు తెగినప్పుడు అతకకుండా మగ్గం మీది నుంచి లేస్తే, "తెగినదాన్ని తెగినట్టు ఇడిసి లేస్తవారా" అని వీపు మీద ఒకటి వేసేవాడు కదా. ఆ దెబ్బలు ఎక్కువ తిన్నది నా తమ్ముడు, చిన్నోడే.

చిన్నోడి సంగతి నాకేమీ తెలియలేదని అమ్మకు చెప్పు. కార్తీకంలో పోలీసులు వచ్చిన రోజు మగ్గం గుంటలోంచి లేచి పోయినవాడు ఎటు పోయాడో ఇక్కడివాళ్ళకు ఏం తెలుస్తుంది? "అన్ని పులులకు ఫొటోలు దించిండ్రు, నా కొడుకుకు ఒక్కటన్న లేకపాయె" అని అమ్మ అన్నదని రాశావు. 

శివరాత్రికి రాలేను. చింతపండు బండితో నకిరేకల్ వస్తూ ఈ ఉత్తరం తెస్తున్న ఎల్లేశానికి కడుపునిండా అన్నం పెట్టు.

*

ఆండాళూ, ఈ రెండో కాగితం నీ ఒక్కదానికే. దీన్ని విడిగా నీ చేతికే ఇమ్మని ఎల్లేశంతో చెప్పాను. చదివి పొయ్యిలో వెయ్యి.

శుక్రవారం పొద్దున నేనూ కురుమయ్యా దారం కట్టిన చోటికి పోయాం. కురుమయ్యది అడవి గూడెం, నేల మీద అడుగు చూసి ఏ జంతువు ఎప్పుడు పోయిందో చెప్తాడు. మందు కాలి ఉంది. కెమెరా కన్ను ఒకసారి తెరుచుకొని మూసుకుంది. దారం మాత్రం కట్టింది కట్టినట్టే ఉంది. వంగి వేళ్ళతో తడిమాను. నడుమ ఒకచోట గరుకుగా తగిలింది. తెగిన రెండు కొసలనూ కలిపి పురిపెట్టి అతికారు. మనం బూడిద అద్దుకుంటాం, ఇక్కడ మట్టి అద్దారు.

"సిద్దన్నా, పులికి గూడ నేతపని నేర్పినవా ఏంది?" అని కురుమయ్య నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. నాయిన ఎడమచేతి వాటం నీకు తెలుసు. ఆయన దగ్గర నేర్చుకున్న మా ఇద్దరికీ పురి ఎడమవైపే తిరుగుతుంది. ఊళ్ళో మరెవరికీ అట్లా తిరగదు. ఆ అతుకు ఎడమకు తిరిగి ఉంది.

నా మొహం చూసి కురుమయ్య నవ్వు ఆపాడు. నేల మీద కూర్చుని అడుగులు వెతికాడు.

"మనిషి. చెప్పుల్లేవు. కుడికాలు జర ఈడ్సుతాండు."

"ఇంకా?"

"ఇంకేం లేదు, నడు పోదాం."

"కురుమయ్యా, చెప్పు."

"ఈయన ఎనుక పులి పోయింది. కొద్దిసేపటికే. ఉరకలే, మెల్లగ నడిసింది. గది దాని రోజు దారే గద, ఫికర్ జెయ్యకు. గీయన నీకేమైతడు?"

  నా జవాబు కోసం ఆగకుండా ఒక కొమ్మ విరిచి ఆ మనిషి అడుగులన్నీ తుడిచేశాడు, పులి అడుగులు ఉంచాడు. మనిషి అడుగు మీద పులి అడుగు, అట్లా పెద్ద బండ దాకా ఉన్నాయి. బండ మీద ఏమీ కనపడదు. అవతల వాగు. మధ్యాహ్నం దాకా వెతికాం. నెత్తురు లేదు, గుడ్డ ముక్క లేదు.

బంగళాలో స్నానాలగది కిటికీకి కంబళి కట్టి ప్లేటు నేనే కడిగాను, సాహెబు మంచం దిగలేదు. నెగటివులో నల్లది తెల్లగా పడుతుంది. ముందు తెల్లటి జుట్టు, తెల్లటి గడ్డం తేలాయి. నాయిననే చూస్తున్నాననుకున్నాను. తర్వాత భుజం మీద మూట, ఎత్తిన కాలు, చెయ్యి అడ్డం పెట్టబోతున్న మొహం. పులి మొహం సగమే పడేది, చిన్నోడి మొహం మొత్తం పడింది. తుపాకి పేలిందనే అనుకొని ఉంటాడు. కళ్ళు మూసుకుపోయి ఉంటాయి. అయినా పారిపోకుండా కూర్చొని తెగిన పోగు అతికాడు. ఎవరి దారమో తెలిసి అతికాడా, చేతి అలవాటుగా అతికాడా?

ఠాణా అమీను రోజూ మధ్యాహ్నం చాయ్ తాగడానికి వచ్చి, ఆరిన ప్లేట్లను వెలుగుకు పెట్టి చూస్తాడు. అప్పుడూ వరండాలోనే ఉన్నాడు, గొంతు వినపడుతోంది. దొరలను ఎదిరించే సంఘంలో తిరిగారని పోలీసులు వెతుకుతున్న పేర్లలో చిన్నోడి పేరు కూడా ఉందని నీకు తెలుసు. చాయ్ కోసం కాగుతున్న నీళ్ళు తెచ్చి ప్లేటు మీద పోశాను. బొటనవేలితో తోస్తే పాల మీద మీగడ లేచినట్టు పొర లేచి వచ్చింది. మొహం చివర పోయింది.

"పద్నాలుగో నంబరు ప్లేటు ఏమైంది సిద్దయ్యా?" అని సాహెబు అడిగాడు.

"వెలుగు తగిలి ఖరాబైంది."

"నీ చేతిల ఎన్నడు కాలే గద" అని నా వైపు చూశాడు. అమీను మాత్రం, "పులి గూడ పైసలియ్యకుంటె ఫొటో దించుకోనంటాందేమో" అని నవ్వి, ఇంకో కప్పు పోయమన్నాడు.

అమ్మ అడిగిన ఫొటో నా చేతుల్లో పావుగంట ఉంది ఆండాళూ. నేనే తుడిచేశాను. దాచి ఉండొచ్చు కదా అని నువ్వంటావు. నాకూ ఆ రోజు నుంచి అదే తోస్తోంది. ఆ గంటలో తోచలేదు, భయపడ్డాను. వాడికి అదే ఆఖరి ఫొటో అయితే అమ్మకు నేనేం చెప్పాలి?

మళ్ళీ అదే చోట కట్టమని సాహెబు పట్టుబట్టాడు. కడుతున్నాను. కాని కెమెరాకు తగిలించడం లేదు, మందు పొయ్యడం లేదు. ఉత్త దారం. వాడు ఆ దారినే తిరిగి వస్తే అతికి పోతాడని. శని, ఆది, సోమ, మూడు పొద్దులూ దారం తెగే ఉంది. తెగిన కొసలు వేలాడుతూనే ఉన్నాయి. పక్కన పులి అడుగులు. పుస్తకంలో మూడు రోజులూ "పులి రాలేదు" అని రాశాను. సాహెబు ఆ పుస్తకాన్ని నమ్మి రేపటికి, ఎల్లుండికి ఆశ పెట్టుకుంటున్నాడు. ఇన్నేళ్ళలో అందులో అబద్ధం రాయలేదు.

మగ్గం మీది వాడి సగం బట్ట ఎవరు అడిగినా కోయనివ్వకు. అమ్మకు ఎంతవరకు చెప్పాలో నువ్వే ఆలోచించి రాయి.

ఎల్లేశం బండి కట్టి పిలుస్తున్నాడు. కురుమయ్య గడపలో నిలబడ్డాడు. ఈ రోజు నేను ఇంకా దారం దగ్గరికి పోలేదు, ముందు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. పక్కన పుస్తకం తెరిచే ఉంది. "మంగళవారం. మంచు. డబ్బాలు ఎండకు పెట్టాను. దారం" అని రాసి ఆపాను.

ఇట్లు,
నీ పెనిమిటి, చిన్నోడి అన్న
సిద్దయ్య