గోడను మోస్తున్న పరంజా

అన్నయ్యా,

అమ్మనొక్కదాన్నే ఆ ఇంట్లోంచి తప్పించావు. మిగతావాళ్ళను వదిలేశావు. నువ్వు చేసిన పని ఇది. క్షేమసమాచారాలు తర్వాత చూద్దాం, అప్పటికి ఎవరైనా క్షేమంగా ఉంటే.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేస్తే "ముందు నువ్వు శాంతించవే" అని మొదలుపెట్టి, చివరికి నా చేతే సారీ చెప్పించి పెట్టేస్తావు. కాగితాన్ని అలా మాటల్లో పెట్టలేవు. అందుకే రాసి, పైపుల లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. నాకు ఎవరూ కూర్చోబెట్టి చదువు చెప్పలేదు. సిమెంటు బస్తాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే దిద్దుకో. అబద్ధాల కోసం మాత్రం వెతకకు, దొరకవు.

నీ ఉత్తరంలో అడిగావు, పైకెక్కేటప్పుడు బెల్టు పెట్టుకుంటున్నావా అని. పెట్టుకుంటున్నాను. ఆ కొక్కెం తగిలించేది పరంజాకేగా. ఆ పరంజానే సోమవారం నుంచి విప్పమని కబురు పంపావు. అది కూడా, గోడకు దన్నుగా నేల మీంచి ఏటవాలుగా పెట్టిన పైపులు ముందు తీసి లారీకెక్కించాలట. నీ కొత్త పని దగ్గర అవి అర్జెంటట.

అమ్మ ఉండే ఇంటి మరమ్మతు కోసం నీ పైపులతో వేసిన పరంజా అది. మరమ్మతు ఎప్పుడో ఆగిపోయింది, పరంజా మిగిలింది. ఇప్పుడు ఆ ఇంటివాళ్ళకు అదొక వసారా. పై అంతస్తు టైలరమ్మ బట్టలు ఆరేసేది దాని మీదే. ఆ కిందింటి ముసలాయన, కాంపౌండరుగా చేసి మానేసిన మాత్రల తాత, పరంజా చెక్క పలక మీద కుర్చీ వేసుకుని పేపరు చదువుతాడు. మొదటి అంతస్తు బాలింత, కిటికీలోంచి గదిలోకి దూరిన పైపుకే గుడ్డ ఉయ్యాల కట్టింది. బిడ్డ అందులోనే నిద్రపోతుంది.

విప్పే ముందు ఒకసారి చూసి రమ్మన్నాడు నీ మేస్త్రీ. వెళ్ళాను. నువ్వు నేర్పినట్టే స్పానరుతో ఒక్కో పైపునూ తట్టాను. "ఖాళీ పైపు మోగుతుందే, బరువు మోసే పైపు మూలుగుతుంది" అనేవాడివి. ఏటవాలు పైపులన్నీ మూలిగాయి. నమ్మకం కలగక ఒకదాని కింద దన్నుగా ఉన్న మర జాకీని అరచుట్టు వదులు చేశాను. పైనుంచి టైలరమ్మ కేక.

"ఏయ్ పిల్లా! ఏం చేశావే? నా తలుపు పట్టేసింది!"

జాకీ మళ్ళీ బిగించాను. తలుపు తెరుచుకుంది. "నీ చేతిలో ఏం మంత్రముందే?" అని నవ్వింది ఆవిడ. ఆ గోడ ఇన్నాళ్ళూ పరంజా మీదే వాలి నిలబడింది, అన్నయ్యా.

నీకు తెలియదేమో అనుకున్నాను. అక్కణ్ణుంచి కదులుతూ నీ తరఫున నాతో నేనే వాదించుకున్నాను. అన్నయ్యకు పని ఒత్తిడి, చూసుకుని ఉండడు, చెప్తే ఆపేస్తాడు అని. ముందు అమ్మకు చెబుదామని ఆ ఇంట్లోనే కింద ఉన్న తన గది దగ్గరికి వెళ్ళాను. తాళం.

"మీ అన్నయ్య వచ్చి మోకాళ్ళు చూపిస్తానని తీసుకెళ్ళాడుగా, నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది" అంది టైలరమ్మ. నా దగ్గరున్న తాళంచెవి షెడ్డులో ఉండిపోయింది, కిటికీలోంచి చూశాను. అమ్మ బతుకుతెరువు ఇస్త్రీ బల్ల ఉంది, దాని మీద ఇస్త్రీ పెట్టె ఉంది. అమ్మ ట్రంకు లేదు. గోడ మీద నాన్న ఫోటో లేదు, మేకు మాత్రం ఉంది. మోకాళ్ళ నొప్పుల మందుకు నాన్న ఫోటో ఎందుకు?

వాళ్ళందరికీ నేను చెప్పలేదనుకుంటున్నావా? ఇంటింటికీ చెప్పాను. మాత్రల తాత కుర్చీలోంచి కదల్లేదు.

"మీ అన్నయ్య మొన్న ఈ పలకెక్కి నిలబడి ఏమన్నాడు? గోడ రాయిలా ఉంది, మా అమ్మే ఇక్కడుంటుంటే మీకేం భయం అన్నాడా లేదా?"

"ఆ అమ్మనే తీసుకుపోయాడు తాతా."

"ఇస్త్రీ బల్ల ఇక్కడే ఉందిగా. బల్ల వదిలేసి మీ అమ్మ ఎక్కడికి పోతుంది?" పైన గాలికి ఊగుతున్న గిలక తాడు వైపు చూసి నవ్వాడు. "దీన్ని మొదట చూసినప్పుడు, ఉరికంబం వేస్తున్నారేమిట్రా అనుకున్నాను. ఇప్పుడు ఇది లేకపోతే నాకు తోచదు."

వాళ్ళకు అనుమానం రాకూడదని ఆ బల్లను నువ్వు కావాలనే వదిలేశావు. ఆ సంగతి తలుచుకుంటే నీ చేతి ముద్ద తిని పెరిగానని కూడా మర్చిపోవాలనిపిస్తోంది.

స్పానరు పట్టనని మేస్త్రీకి చెప్పేశాను. "నువ్వు కాకపోతే ఇంకొకడు. మీ అన్నయ్య కన్నా నీకెక్కువ తెలుసా?" అన్నాడు. తెలియదు. నీకే తెలుసు. అదేగా నా ఏడుపు.

నువ్వడిగిన రెండో మాట, పనివాళ్ళ షెడ్డులో నిద్ర పడుతోందా అని. ఇందాకటి నుంచి ఈ జవాబు ఆపుకుంటూ వచ్చాను. షెడ్డు ఖాళీ చేసేశాను. అమ్మ గది తాళంచెవి ఇంకొకటి నా దగ్గరుంది కదా. రెండు రోజులుగా ఇక్కడే పడుకుంటున్నాను. టైలరమ్మ ఇచ్చిన బట్టలు ఇస్త్రీ చేశాను, ఒక చొక్కా కాలరు కాల్చి తిట్లు తిన్నాను. ఇది రాస్తున్నది అమ్మ బల్ల మీదే. కాగితం మీద సున్నం రాలుతోంది. ఊదుకుంటూ రాస్తున్నాను.

మా మనిషి ఇక్కడే ఉంటుందని వాళ్ళకు మాటిచ్చావు. ఇప్పుడు ఉంది.

లారీ శనివారం తిరిగొస్తుంది. అందులో నువ్వు రావాలి. ఉత్తరం వద్దు, కబురు వద్దు, అమ్మను తీసుకురావద్దు. ఆ పలకే ఎక్కి, అందరినీ పిలిచి, గోడ నిలవదని నీ నోటితో చెప్పాలి. ఆ బాలింతా బిడ్డా సహా అందరూ బయటికొచ్చేదాకా ఒక్క పైపు కూడా ఎవరూ ముట్టుకోకూడదు.

శనివారం చీకటి పడేలోపు. నువ్వు దిగకపోతే, సోమవారం పొద్దున వాళ్ళు మొదటి జాకీ వదిలేటప్పుడు నేను ఈ బల్ల దగ్గరే ఉంటాను. అమ్మకు ఏం చెప్పాలో ఇప్పటి నుంచే ఆలోచించుకో.

ఇట్లు,
అమ్మ గదిలో ఉన్న
నీ చెల్లెలు