శనక్కాయ ఓట్లు

1987 ఫిబ్రవరి 8, ఆదివారం

మళ్ళీ ఓడిపోయాం. ఈసారి వల్లూరు వాళ్ళ చేతిలో. వరసగా ఇది ఏడోది.

మంగళవాడ కబడ్డీ టీం అంటే ఒకప్పుడు పావగడ తాలూకా మొత్తం భయపడేదట. నేను ఈ ఊరికి కోడలుగా వచ్చి నాలుగేళ్ళు. ఆ భయం నా కంటికైతే కనబడలేదు. నేను చూసిందల్లా ఆంజనప్పన్న మొదటి రైడ్‌కి వెళ్ళడం, అవతలివాళ్ళు నవ్వుకుంటూ పట్టుకోవడం. ఆయనకి ముప్పై ఎనిమిదేళ్ళు. పొట్ట ముందు గీత దాటుతుంది, మనిషి తర్వాత దాటుతాడు. ఈరోజు నాలుగుసార్లు వెళ్ళాడు, నాలుగుసార్లూ ఔట్. నాకు నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎందుకంటే టీం మేనేజర్ మా ఆయనే.

తిరిగొచ్చేటప్పుడు ఎద్దులబండిలో అందరూ తలలు దించుకుని కూర్చున్నారు. ఎద్దులు కూడా సిగ్గుపడినట్టే నడిచాయి.

ఫిబ్రవరి 9, సోమవారం

కదిరయ్య హోటల్‌కీ మా అంగనవాడికీ నడుమ ఒకటే గోడ. పిల్లలకు ఉప్మా పెడుతూ అంతా విన్నాను. కొత్త మేనేజర్ కావాలట.

సంజీవప్ప మంచోడేనప్పా, మంచితనానికి పాయింట్లు ఇస్తారా అని ఒకరు. తొమ్మిదేండ్లు అయింది, దిగమను అని ఇంకొకరు. సంజీవప్ప అంటే మా ఆయన. పిల్లలు ఇంకొంచెం పెట్టు టీచరమ్మా అని గరిటె లాగుతున్నారు, నేను గోడ దగ్గరి నుంచి కదలలేదు.

కదిరయ్య పలికేది బైలప్ప పేరు. బైలప్ప పదిహేనేళ్ళు మిలిటరీలో ఉండి వచ్చాడు. డిసిప్లిన్ వచ్చేస్తాది చూడు, పొద్దున నాలుగింటికే లేపి పరిగెత్తిస్తాడు అని కదిరయ్య. వెంటనే ఎవరో, ఆయప్ప మిలిటరీలో వంట కదప్పా చేసినాడు, కబడ్డీ యాడ ఆడినాడు అన్నారు. ఇంకో సగం మంది కొల్లప్ప అంటారు. కొల్లప్ప ప్రైవేట్ బస్సు కండక్టర్. దినామూ అన్ని ఊర్లూ తిరుగుతాడు, ఏ టీంలో ఏముండాదో వానికి తెలుసు అని వాళ్ళ వాదన. ఒక్కదినమన్నా బస్సుని టైంకి తెచ్చినాడా, టీంని ఏమి తెస్తాడు అని కదిరయ్య గ్లాసులు బల్లమీద ఠంగుమనిపించాడు.

మా ఆయన పేరు చెప్పినవాళ్ళు లేరు. నాకు కోపం రావాలి కదా? రాలేదు. అదే నన్ను బాధపెట్టింది.

ఫిబ్రవరి 10

ఈరోజు పిల్లలకు పాట నేర్పలేదు. గోడకు చెవి పెట్టడంతోనే సరిపోయింది.

ఫిబ్రవరి 13, సాయంత్రం

ఆయన నాలుగు రోజులుగా ముద్ద సరిగ్గా తినడం లేదు. ఈరోజు గట్టుమీద కూర్చుని, మేనేజర్ పని కూడా పాయె అంటే ఇంక ఈ ఊర్లో నాకేముండాది, బెంగళూరికి పోతా, బిల్డింగ్ పని దొరకదా అన్నాడు. కొల్లప్పకు చెప్పి పెట్టాడట కూడా, బెంగళూరు బస్సులో ఎవరినో పట్టుకుని సీటు చూడమని.

మూడేళ్ళుగా వాన లేదు. మా రెండెకరాల్లో విత్తనం వేసినంత కూడా తిరిగి రాలేదు. పైవీధిలో తొమ్మిది ఇళ్ళకు తాళాలు. ఈయన వెళ్ళకుండా ఉన్నది నా కోసం అనుకుని మురిసిపోయేదాన్ని. కాదు, టీం కోసం. సరే, టీం కోసమే అయినా ఉన్నాడు కదా, నాకు అది చాలు.

ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తాను. మా ఆయన మంచి మేనేజర్ కాదు. ఎవరికీ వద్దు అని చెప్పలేడు. ఆంజనప్పన్న, మా ఆయన చిన్నప్పుడు ఒకే లాగు మార్చి మార్చి వేసుకుని కబడ్డీ ఆడినవాళ్ళట. ఓబళప్ప అని ఒకడున్నాడు, గొర్రెలు కాస్తాడు. పారిపోయే పొట్టేలుని పక్కకి దూకి కాలు పట్టి ఆపుతాడు, నేను కళ్ళారా చూశాను. వాణ్ణి రెండేళ్ళుగా చొక్కాలు కాపలా కాయడానికి తీసుకెళ్తున్నారు.

ఫిబ్రవరి 16, సోమవారం

ఎలక్షన్ పెడతారట! జనవరిలో మండల పంచాయితీ ఓట్లు అయినప్పటి నుంచి మా ఊరివాళ్ళకి ఓటేయడమంటే తీపి. సగం మందికి చదువు రాదు కాబట్టి గుర్తులు కావాలన్నారు. ప్రతి ఇంట్లో ఉండే వస్తువు ఏదని గంటసేపు కొట్టుకున్నారు. చివరికి శనక్కాయలు అని తేలింది. ఒంటిగింజ కాయ ఒకరికి, రెండు గింజలది ఒకరికి, మూడు గింజలది ఒకరికి. అన్నీ ఒకే కుండలో వేయడం, తర్వాత కుమ్మరించి వేరుచేసి లెక్కపెట్టడం.

కొల్లప్ప పెద్ద కాయ నాకే అని మూడు గింజలది తీసుకున్నాడు. ఉన్న మేనేజర్ని కాదనలేక మా ఆయన పేరు కూడా పెట్టారు, ఆయన వంతుకి రెండు గింజలది వచ్చింది. బైలప్ప ఒంటిగింజది అడిగి మరీ తీసుకున్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఈ కరువు పంటలో ఎవరి మూట విప్పినా సగం ఒంటిగింజవే. వంట చేసినా మిలిటరీ మిలిటరీయే.

ఫిబ్రవరి 20

కొల్లప్ప మనుషులు ఇల్లిల్లూ తిరిగి మూటలు విప్పించి మూడు గింజల కాయలు వెతుకుతున్నారు. ఊరంతా కలిపి పదకొండు దొరికాయట. గుర్తు మార్చండప్పా అని కొల్లప్ప బస్సు మెట్టు మీది నుంచే మొత్తుకుంటూ వెళ్ళాడు.

ఆడవాళ్ళకి కూడా ఓటు. ఇది నరసక్కత్త సాధించింది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఒక్క మ్యాచ్ వదలదు. మీరు ఓడిపోయి వస్తే ఆ మొగాలు చూసేది మేమే కదప్పా అని అడిగితే మగవాళ్ళు సరేనన్నారు.

ఫిబ్రవరి 22, ఆదివారం, పొద్దున పదిన్నర

ఓటు వేశాను. కొంగు ముడిలో రెండు కాయలు కట్టుకుని వెళ్ళాను, రెండు గింజలది ఒకటి, ఒంటిగింజది ఒకటి. కుండ దగ్గర నిలబడి ముడిలో వేళ్ళు పెట్టాను. ఒంటిగింజది వేశాను. టీం బాగుపడాలని వేశాను. ఆయన బెంగళూరు వెళ్ళిపోతే ఈ చేతిని ఏం చేసుకోవాలో తెలియదు.

అదే రోజు, సాయంత్రం

నవ్వి నవ్వి పొట్ట నొప్పి. ఎలా రాయాలి దీన్ని!

ఓట్లు పడటం అయిపోయింది. అభ్యర్థి లేకుండా లెక్కించకూడదని రూలు పెట్టుకున్నారు. కొల్లప్ప బస్సు రాలేదు. కుండ కదిరయ్య హోటల్ బెంచీ మీద ఉంది, ఊరంతా చుట్టూ కూర్చుంది. ఎనిమిదేళ్ళ కిందటి ఫైనల్ గురించి మాట మొదలైంది. ఆఖరి పాయింట్ మనదా కాదా అని. వాదన ముదిరింది. కుండలో పురుగూ పుట్రా పడిందేమో చూద్దామని ఎవరో గుడ్డ విప్పారు. ఇంకెవరో ఒక కాయ తీసి, ఇది రెండుదా మూడుదా అని వొలిచి చూశారు. తర్వాత ఎవరికీ ఏమీ గుర్తులేదు. శనక్కాయలు ముందు పెట్టుకుని ఉత్త చేతులతో వాదించే అలవాటు ఈ ఊళ్ళో లేదు.

ఒంటిగంటకు బస్సు వచ్చింది. కొల్లప్ప దిగి, లెక్కపెట్టండి అన్నాడు. కదిరయ్య కుండ వంచాడు. గింజలేని లొట్టకాయలు మూడు రాలాయి.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో పొట్టు. నేను తినలేదప్పా అన్న బైలప్ప మీసానికి పలుకు అంటుకుని ఉంది. పొట్టులో గుంటలు చూసి లెక్క తేలుద్దామని కొల్లప్ప కూర్చున్నాడు. కదిరయ్య మేక అప్పటికే ఆ పని మీద ఉంది. నరసక్కత్త కర్ర నేలకు కొట్టి, ఇత్తనానికి దాచిన కాయలు రా, ఓటూ పాయె, ఇత్తనమూ పాయె అని తిడుతూ తిడుతూ తనే నవ్వేసింది. మా ఆయన కూడా నవ్వాడు. పదిహేను రోజుల తర్వాత ఆ నవ్వు చూశాను.

మళ్ళీ ఓట్లు పెడదామంటే కాయలు ఎవరిస్తారు? అప్పుడు నరసక్కత్త కొత్త రూలు చెప్పింది. రోగం యాడుండాదో మీకందరికీ తెలుసు. ఆంజనప్పకి నువ్వింక ఆడొద్దప్పా అని ఎవురు పోయి చెప్తారో వాళ్ళే మేనేజర్.

ఆంజనప్పన్న అప్పుడు అక్కడ లేడు, తన బావి దగ్గర ఉన్నాడు. ఊళ్ళో నీళ్ళున్నది ఆ ఒక్క బావిలోనే. ఈ రెండేళ్ళలో ఎవరినీ ఒక్క బిందెకి కూడా కాదనలేదు ఆయన. ఆ మనిషికి ఆ మాట ఎవరు చెబుతారు?

ఫిబ్రవరి 24

బైలప్ప వెళ్ళాడు. కోడికూర తిని వచ్చాడు. మాట చెప్పినావా అంటే, ముద్ద నోట్లో ఉన్నప్పుడు ఎట్ల చెప్పేదప్పా అన్నాడట.

ఫిబ్రవరి 26

కొల్లప్ప బస్సు మన ఊళ్ళో ఆగడం లేదు. నిదానంగా పోతుంది, దిగేవాళ్ళు దూకాలి.

మార్చి 1, ఆదివారం

ఆంజనప్పన్న దగ్గరికి మా ఆయన వెళ్ళాడు. పొద్దున వెళ్ళినవాడు మధ్యాహ్నం వచ్చాడు. ఏమైంది అని అడిగాను. ఆంజనప్పన్నని కెప్టెన్ చేసి వచ్చాడు.

మార్చి 3, మంగళవారం

చెప్పేశాను.

ముందుగా అనుకుని వెళ్ళలేదు. రోజూలాగే బిందె తీసుకుని వెళ్ళాను. ఆంజనప్పన్న నీళ్ళు తోడి పోస్తూ మోకాలు పట్టుకుని అబ్బా అన్నాడు. నా నోటి నుంచి వచ్చేసింది. అన్నా, నువ్వు ఇంక ఆడొద్దన్నా, నీ వల్ల ఓడిపోతా ఉండాం అన్నాను. బిందె సగమే నిండింది, అలాగే ఎత్తుకుని వెళ్ళిపోదామనుకున్నాను.

ఆయన చేద కింద పెట్టాడు. ఇంగోసారి చెప్పు తల్లీ అన్నాడు. చెప్పాను. బావి గట్టు మీద కూలబడి పెద్దగా నవ్వాడు. రెండేండ్లుగా మోకాలు పీకుతా ఉండాది, నేను మానుకుంటే సంజీవప్ప మనసు నొచ్చుకుంటాడని ఆడతా ఉండా అన్నాడు. ఆయన భార్య పక్కనే ఉన్న ఇంట్లోనుంచి పరుగున వచ్చి నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. రోజూ ఈ మనిషి కాళ్ళకి ఆముదం పూసేది నేను గదమ్మా అంది.

ఇద్దరు మగవాళ్ళు, ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని ఏడు మ్యాచ్‌లు ఓడిపోయారు. ఇంత ప్రేమ నాకు తెలిసి మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఉండదు.

మార్చి 4

మా ఆయన నాతో మాట్లాడటం లేదు.

మార్చి 8, ఆదివారం

నన్ను మేనేజర్ చేశారు. రాస్తుంటే చెయ్యి నవ్వుతోంది.

ఆడది మేనేజరేంది, పక్క ఊర్లోళ్ళు నవ్వరా అని ఒకరిద్దరు లేచారు. ఇప్పుడు మనల్ని చూసి వాళ్ళేమి ఏడుస్తా ఉండారా అంది నరసక్కత్త. ఆంజనప్పన్న లేచి, నా ఆట ఆపిన మనిషి మాటే నేను వింటా, ఇంక టీంకి నీళ్ళ బిందె మోసేది నా పని అన్నాడు. బైలప్ప నిటారుగా నిలబడి నాకు సెల్యూట్ కొట్టాడు, మీసం కదలకుండా. కొల్లప్ప బస్సు మళ్ళీ ఊళ్ళో ఆగింది.

నా కళ్ళు మా ఆయన కోసం వెతికాయి. గుంపులో లేడు.

ఇంటికొచ్చి చూస్తే దండెం మీది బట్టలు మడిచి సంచీలో పెట్టుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేక, ఓటు కూడా నీకు వేయలేదు, బైలప్పకి వేశాను అని చెప్పేశాను. ఆయన తల ఎత్తకుండానే తెలుసు అన్నాడు. ఎట్ల తెలుసు? ఆ దినం సాయంత్రం దాకా నీ కొంగు ముడిలో రెండు గింజల కాయ అట్లే ఉండె. నువ్వు పొయ్యి దగ్గర ఉన్నప్పుడు నేనే ఇప్పి తినేస్తి.

ఆయనకి నేను వేయని ఓటు ఆయన కడుపులోనే! ఏడుస్తూనే నవ్వాను. ఆయన ఆగి ఆగి నవ్వాడు. సంచీలో చెయ్యి పెట్టి అడుగు నుంచి పాత నిక్కరు ఒకటి తీశాడు. మేనేజర్ అయిన దినం నుంచి నేను ఆట ముట్టలేదు, తొమ్మిదేండ్లు ఆయె అన్నాడు. రేపు ప్రాక్టీసు ఎన్ని గంటలకి అని అడిగాడు.

మార్చి 9

పొద్దున అయిదున్నరకు ప్రాక్టీసు చేసే బీడులో అందరికంటే ముందు వచ్చినవాడు మా ఆయన. అయిదు నిమిషాలకు ఆయాసం. ఓబళప్ప ఆయన్ని పొట్టేలుని పట్టినట్టు పట్టాడు.

ఏప్రిల్ 5, ఆదివారం, సాయంత్రం

వల్లూరు మీద గెలిచాం. ముప్పై ఒకటి, ఇరవై రెండు. ఓబళప్ప ఒక్కడే పద్నాలుగు.

ఆట మొదలయ్యే ముందు ఏడు పేర్లు చదివాను. ఆయన పేరు అందులో లేదు. చదివేటప్పుడు ఆయన వైపు చూశాను, చూడకుండా చదవడం నాకు నచ్చలేదు. గీత పక్కన కూర్చుని అందరికంటే గట్టిగా ఈలలు వేశాడు.

బండిలో నా పక్కన జరిగి కూర్చుని, మేనేజరమ్మా, వచ్చే మ్యాచ్‌కన్నా నన్ను చూడు అన్నాడు.

చూస్తాలే అన్నాను.